లాగ్‌ల టైంస్టాంప్ ఫార్మాటింగ్ స్పీడ్ చేసుడు మీద టైం పెట్టాల్నా వద్దా? వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ ముచ్చట

వడ్లకాంటా, నల్లగొండ:

అందరికి నమస్తే. మేం నల్లగొండల క్లాక్ టవర్ కాడ చిన్న ఆఫీసు పెట్టుకొని ముగ్గురం పనిచేస్తం, మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లులకు వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ చేసిస్తం. లారీ కాంటా ఎక్కంగనే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీద బరువు వస్తనే ఉంటది, సెకనుకు పది సార్లు, మా ప్రోగ్రాం అది చదువుకుంట ఉంటది, బరువు కదలకుండ నిలవడ్డంక ఆపరేటర్ బటన్ ఒత్తితే చిట్టీ ప్రింటయితది. వచ్చిన ప్రతి రీడింగ్‌ని, వచ్చిన తారీకు, టైం (టైంస్టాంప్) ఏసి లాగ్‌ల, అంటే జరిగింది జరిగినట్టు రాసిపెట్టే ఫైల్ల, రాస్తం. ఊకె రాసేది కాదది, రేపు ఎవరన్న రైతు వచ్చి నా ట్రాక్టర్ల రెండు క్వింటాళ్లు ఎట్ల తక్కువొచ్చినయి అని అడిగితే, ఏ నిమిషాన కాంటా ఎంత చూపెట్టిందో తీసి చూపెట్టేతందుకు మా దగ్గర ఉన్న ఆధారం గదొక్కటే.

ఇప్పుడు సమస్య ఏందంటే వానాకాలం వడ్లు వచ్చినప్పుడు మిల్లు గేటు బయట లారీలు లైన్ కడ్తయి, సరిగ్గ ఆ టైంలనే మా ప్రోగ్రాం నడుమ నడుమ ఆగుతున్నది. స్క్రీన్ మీద బరువు రెండు మూడు సెకన్లు అట్లనే నిలబడిపోతది, మళ్ల ఒక్కసారి దునుకుతది. ఆపరేటర్ ఏమనుకుంటడు, బటన్ పడలేదనుకొని రెండోసారి ఒత్తుతడు, రెండు చిట్టీలు వస్తయి, ఇగ అక్కడ లొల్లి.

ప్రోగ్రాం సీ ల రాసింది, చిన్న లైనక్స్ బోర్డు మీద నడుస్తది, మెమరీ కార్డే దానికి డిస్కు. ప్రోగ్రాంల ఏ పని ఎంత సీపీయూ తింటుందో చూపెట్టే పర్ఫ్ అనే టూల్ పెట్టి చూసిన. టైంస్టాంప్ చేసే కాడ్నే, అంటే సెకన్ల లెక్కను మన తారీకు, గంట కింద మార్చే లోకల్‌టైమ్, దాన్ని అక్షరాల కింద రాసే స్ట్రఎఫ్‌టైమ్, ఈ రెండు ఫంక్షన్లల్లనే 22 శాతం చూపెట్టింది. చూడంగనే దొంగ దొరికిండనుకున్న. నా ప్లాన్ ఏందంటే స్ట్రఎఫ్‌టైమ్ పీకేసి సొంతంగ రాసుడు, 00 నుంచి 99 దాక జంట అంకెల టేబుల్ ఒకటి పెట్టుకొని అందుల నుంచి తీసి అతికిచ్చుడు, తారీకు ముక్క రోజుకొక్కసారే చేసి దాచిపెట్టుడు. రెండు మూడు రోజుల పని. మా ఆఫీసుల పెద్దన్న గది వేస్ట్ పని అంటుండు, ఎందుకు వేస్టో మాత్రం చెప్తలేడు, నాకేమో 22 శాతం కండ్ల ముంగట కనబడ్తున్నది. ఇట్లాంటిది ఎవరన్న చేసిన్రా? చేస్తే ఫలితం ఉంటదా?


పాలమూరు బ్యాకెండ్:

తమ్మీ, మీ పెద్దన్న కరెక్టే చెప్పిండు, కానీ నువ్వు అడిగింది గూడ కరెక్టే, ఎందుకో తెల్వకుండ ఆగొద్దు. ముందుగాల ఒక్కటి చూడు, 22 శాతం అంటే దేంట్ల 22 శాతం? పర్ఫ్ ఏం చేస్తదంటే ప్రోగ్రాం సీపీయూ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే శాంపిళ్లు తీసుకుంటది. నీ ప్రోగ్రాం పండుకొని ఉన్నప్పుడు, అంటే డిస్కు కోసమో ఇంకో దానికోసమో ఎదురుచూసుకుంట కూసున్నప్పుడు, పర్ఫ్‌కు అది కనబడదు. ఒకపారి టాప్ అనే కమాండ్ పెట్టి చూడు, నీ ప్రోగ్రాం సీపీయూల ఎంత తింటుంది? ఒక శాతమో రెండు శాతమో ఉంటదని నా అనుమానం. రెండు శాతంల 22 శాతం అంటే మొత్తం మీద అర శాతం గూడ కాదు.

ఇంకో తీరుగ లెక్కేద్దాం. ఒక టైంస్టాంప్ చేసేతందుకు నీ చిన్న బోర్డు మీద ఐదు మైక్రోసెకన్లు పడ్తదనుకో, కావాలని ఎక్కువే ఏసుకుంటున్న. సెకనుకు పది లైన్లు, అంటే సెకనుకు 50 మైక్రోసెకన్లు. నీ స్క్రీన్ ఆగేది రెండు సెకన్లు, అంటే 20 లక్షల మైక్రోసెకన్లు. టైంస్టాంప్ వల్లనే రెండు సెకన్లు ఆగాల్నంటే అదే టైంల నాలుగు లక్షల టైంస్టాంపులు చేసి ఉండాలె. నువ్వు చేసేది పది. లెక్క ఏ మూల నుంచి చూసినా కలుస్తలేదు.

మరి ఆ రెండు సెకన్లు యాడ పోతున్నయి అంటే నేను ఒక్కటి అడుగుత, ప్రతి లైన్ రాసినంక ఎఫ్‌సింక్, అంటే రాసింది నిజంగ డిస్కుకు చేరేదాక ఆగే కాల్, కొడ్తున్నవా? మెమరీ కార్డు మీద గదే మస్తు ఖరీదు. నువ్వు ఎనభై అక్షరాల లైన్ ఒకటి రాసినా కార్డు లోపల పెద్ద బ్లాకు లెక్కన చెరిపి రాసుకునుడు ఉంటది, ఎక్కువసార్లు తొందరగనే అయితది గానీ కార్డు తన లోపలి సర్దుడు పెట్టుకున్నప్పుడు ఆ ఒక్క ఎఫ్‌సింక్ సెకన్ల కొద్ది పట్టొచ్చు. ఆ సేపు నీ ప్రోగ్రాం సీరియల్ పోర్టు చదవది, ఇండికేటర్ మాత్రం పంపుకుంటనే ఉంటది, అవన్ని కెర్నల్ (లైనక్స్ నడిమి ప్రోగ్రాం) బఫర్ల జమయితయి, ఎఫ్‌సింక్ వాపస్ రాంగనే అన్ని ఒక్కసారి చదువుతవు. నువ్వు చెప్పిన దునుకుడు గిదే కావాలె.

దీన్ని పట్టుకునేతందుకు కొత్త టూల్ ఏం అక్కరలేదు, నీ లాగే చెప్తది. పాత ఫైల్ తీసి ఒక్కో సెకనుకు ఎన్ని లైన్లు ఉన్నయో లెక్కబెట్టు. పది పది పది వచ్చుకుంట నడుమ రెండు సెకన్లు ఒక్క లైన్ లేకుండ, ఆ తర్వాత సెకన్ల ముప్పై లైన్లు కనబడితే ఇగ డౌటే లేదు. నమ్మకం కుదరకపోతే ఎస్‌ట్రేస్‌ని పెద్ద టీ ఆప్షన్‌తోని నడుపు, ఏ సిస్టం కాల్ (ప్రోగ్రాం కెర్నల్‌ని పని అడుగుడు) ఎంతసేపు పట్టిందో పక్కనే రాస్తది.


వడ్లకాంటా, నల్లగొండ:

అన్నా, అవును, ప్రతి లైన్‌కు ఎఫ్‌సింక్ ఉన్నది. కరెంటు పోతే లైన్లు పోవద్దని మేమే పెట్టినం. టాప్‌ల చూసిన, ఒకటిన్నర శాతం. లాగ్ గూడ లెక్కబెట్టిన, 11:42:07 ల పది లైన్లు, 08 ల సున్న, 09 ల సున్న, 10 ల ముప్పై ఒకటి. ఒక్క రోజుల ఇసొంటివి పదిహేడు దొరికినయి. ఈ నంబర్లు ఇన్నొద్దుల నుంచి నా ఫైల్లనే ఉన్నయి.

ఇంకోటి ఇప్పుడే తట్టింది, నాకు గిదే ఎక్కువ బాధయితుంది. ఆ ముప్పై ఒక్క లైన్లకు పడ్డ టైంస్టాంప్ తప్పు కదా? బరువు వచ్చింది 08 ల, 09 ల, లాగ్‌ల పడ్డది 10 అని. రైతుకు చూపెట్టే ఆధారమే అట్లున్నది. మరి టైంస్టాంప్ ఎప్పుడు తీసుకోవాలె?


దేవరకొండ సిస్టమ్స్:

నేను దేవరకొండోన్నే, ఇప్పుడు హైదరాబాద్‌ల పేమెంట్ల దిక్కు పనిచేస్తున్న. పైన పాలమూరు అన్న చెప్పింది ఈ తమ్ముని కేసుల నూటికి నూరు పాళ్లు కరెక్ట్, కానీ ఈ చర్చ చదివి ఇంకెవరన్న టైంస్టాంప్ ఖర్చు ఎప్పటికీ లెక్కలకు రాదు అనుకుంటే అది తప్పయితది, అందుకే రాస్తున్న. మా దగ్గర ఒక్క మిషన్ల సెకనుకు లక్ష లైన్ల దాక పోతయి. ఒక్క టైంస్టాంప్‌కు ఒక మైక్రోసెకన్ అనుకున్నా లక్ష మైక్రోసెకన్లు, అంటే ఒక కోర్‌ల పదోవంతు తారీకులు రాసుడుకే పోయింది. ఐదు మైక్రోసెకన్లయితే సగం కోర్. పది లైన్లకు లేని విలువ లక్ష లైన్లకు వస్తది, తేడా గదే.

ఆ ఖర్చు యాడ ఉంటదో చెప్త, ఎందుకంటే చాలామంది అంకెలను అక్షరాలు చేసే కాడ ఉందనుకొని అక్కడ్నే తవ్వుతరు. లైనక్స్‌ల టైం అడుగుడు చాలా చవుక, క్లాక్ గెట్‌టైమ్ మామూలు మిషన్ల మీద కెర్నల్ లోపలికి గూడ పోదు, విడిఎస్ఓ (కెర్నల్ ప్రతి ప్రోగ్రాంల పెట్టే చిన్న లైబ్రరీ) నుంచి పదుల నానోసెకన్లల్ల వచ్చేస్తది. ఖర్చంతా ఆ నంబర్‌ని మన తారీకు, మన గంట కింద మార్చే కాడ. జీలిబ్‌సీ (లైనక్స్‌ల వాడే సీ లైబ్రరీ) ల ఉన్న లోకల్‌టైమ్‌ని తీసుకో, యాడి టైం వాడాల్నో చెప్పే టీజడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టకపోతే అది పిలిచిన ప్రతిసారి స్లాష్ ఈటీసీ ల ఉన్న లోకల్‌టైమ్ ఫైలు మారిందా అని స్టాట్ కొట్టి చూసొస్తది, ఒక లైన్‌కు ఒక సిస్టం కాల్. పైంగ లోపల ఒక లాక్ (ఒక్కసారి ఒక్కదాన్నే పోనిచ్చే తాళం) ఉంటది, ఎనిమిది థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంల పక్కపక్కన నడిచే పనులు) లాగ్ రాస్తుంటే ఎనిమిదీ ఆ లాక్ కాడ లైన్ కడ్తయి. టీజడ్‌కు ఏషియా కోల్‌కతా అని ఒక్క లైన్ పెట్టు, ఆ స్టాట్‌లు బంద్ అయితయి. తమ్మీ నువ్వు గూడ పెట్టు, దానికి మూడు రోజులు పట్టవు, నిమిషం పని.

జావాల పాత కోడ్ చూస్తే తారీకు రాసే సింపుల్‌డేట్‌ఫార్మాట్ ప్రతి లైన్‌కు కొత్తది పుట్టిస్తుంటరు, ఎందుకంటే దాన్ని థ్రెడ్లు పంచుకుంటే తప్పు తారీకులు వస్తయి. 2014 ల జావా 8 తోని వచ్చిన డేట్‌టైమ్‌ఫార్మాటర్‌ని పంచుకోవచ్చు, ఒక్కటి చేసి పెట్టుకుంటె చాలు. జావాల లాగ్ రాసే లైబ్రరీ లాగ్‌బ్యాక్ అయితే పోయిన మిల్లీసెకన్‌కు చేసిన స్ట్రింగ్ దాచిపెట్టుకొని అదే మిల్లీసెకన్ల ఇంకో లైన్ వస్తే అదే తీసిస్తది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ గూడ గంతే, టైం మారినప్పుడు ఒకపారి తారీకు స్ట్రింగులు తయారుచేసి పెట్టుకుంటది, లాగ్ లైన్లన్ని అవే వాడుకుంటయి. అంటే పెద్ద పెద్దోళ్లు గూడ ఫార్మాటింగ్‌ని వేగంగ చేసుడు కన్న తక్కువసార్లు చేసుడే చూసుకున్నరు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్త, దాచిపెట్టేటోళ్లు పైలం. నేను తారీకు, గంట కలిపి ముందు ముక్క దాచిపెట్టిన, గంట మారితే కొత్తది చెయ్యాలని ఎపాక్ సెకన్లను (1970 జనవరి 1 నుంచి లెక్కబెట్టేవి) 3600 తోని భాగించి, వచ్చింది మారిందా లేదా అని చూసిన. టెస్టులు యూటీసీ (ప్రపంచమంతటికి ఒక్కటే ఉండే టైం) ల నడుస్తయి, అన్ని పాసయినయి. ప్రొడక్షన్‌ల ఐఎస్‌టీ, అంటే మన దేశం టైం. మన టైం యూటీసీ కంటె ఐదున్నర గంటలు ముందు, ఆ అర గంట ఎందుకంటే మన టైం రేఖ 82.5 డిగ్రీల తూర్పున, అటు కాకినాడ దగ్గర నుంచి పోతది, 15 డిగ్రీలకు ఒక గంట లెక్కన 82.5 కు ఐదున్నర. దాంతోని ఏమయిందంటే యూటీసీ ల గంట మారేది మనకు ఏ గంటకైనా 30 నిమిషాలప్పుడు. 10:30 కు నా ముక్క తయారైంది, 11:00 అయింది గానీ నా కోడ్‌కు గంట మారినట్టు తెల్వదు, 11:00 నుంచి 11:29 దాక వచ్చిన లైన్లన్నిటి మీద 10:00 నుంచి 10:29 అని పడ్డది. రోజంతా ప్రతి గంటల సగం లైన్లు ఒక గంట వెనక. అర్ధరాత్రి దాటినంక అర గంట దాక నిన్నటి తారీకు. ఒక కస్టమర్ డబ్బులు కట్ అయినయని కంప్లైంట్ చేస్తే ఆయన చెప్పిన టైంకు లాగ్‌ల ఏం లేదు, ఆయన్నే నమ్మలేదు మేము. నాలుగు రోజులు. రిపేర్ ఎంత అంటె భాగించే ముందు 19800 కలుపుడు, గంతే, కానీ ఆ నాలుగు రోజులు నాకు ఇప్పటికీ యాదికి ఉన్నయి. దాచిపెట్టినది పాతదా కాదా అని చూసేటప్పుడు గూడ పెద్దదా అని చూడకుర్రి, సమానమా కాదా అని చూడుర్రి, నెట్ మీద టైం సరిచేసే ఎన్‌టీపీ గడియారాన్ని వెనక్కి జరిపితే పెద్దదా అనే చెక్ మోసం చేస్తది.

తమ్మీ నీ చివరి ప్రశ్నకు జవాబు, టైం తీసుకునుడు వేరు, దాన్ని రాసుడు వేరు. సీరియల్ నుంచి రీడింగ్ రాంగనే క్లాక్ గెట్‌టైమ్ పిలిచి ఆ నంబర్ బరువుతోని జతచేసి క్యూల ఎయ్యి. చదివే థ్రెడ్ గంత పనే చెయ్యాలె. ఇంకో థ్రెడ్ ఆ క్యూల నుంచి తీసుకొని తారీకు కింద మార్చి రాసి ఎఫ్‌సింక్ కొట్టుకుంటది, అది మూడు సెకన్లు ఆగినా నీ కాంటాకు ఏం గాదు, టైం గూడ అసలుదే పడ్తది. అప్పుడు స్ట్రఎఫ్‌టైమ్ ఎంత నిదానంగున్నా నిన్ను ఎవరూ అడగరు.


జడ్చర్ల లాగ్ చదివేది:

నేను డెవలపర్‌ని కాదు, పోలెపల్లి సెజ్ ల ఒక మందుల ఫ్యాక్టరీల సిస్టమ్స్ సపోర్ట్ చూస్త. మీరంతా రాసే దిక్కు నుంచి మాట్లాడుతున్నరు, రాత్రి రెండింటికి ఆ లాగ్ చదివేటోళ్ల దిక్కు నుంచి నేను రెండు మాటలు చెప్త.

స్పీడ్ కోసమని కొందరు తారీకే తీసేసి ఎపాక్ నంబర్ రాస్తరు. మిషన్ చదివే లాగ్‌కు అది మంచిదే, చిన్నగుంటది, వరుస పెట్టుడు అల్కగుంటది. కానీ మిల్లుల ఉన్న ఆపరేటర్ ఫోన్ చేసి సార్ లాగ్‌ల నూట డెబ్బై కోట్లో ఏందో నంబర్ ఉన్నది అంటే మీరు ఏం చేస్తరు? మనిషి చదివేది ఉంటే మనిషి చదివేటట్టు రాయాలె, సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకన్, వెనక ప్లస్ 05:30, ఆర్‌ఎఫ్‌సీ 3339 అనే ఇంటర్నెట్ స్టాండర్డ్‌ల ఉన్నట్టు. ఆ ప్లస్ 05:30 రాయకుండ వదిలేసిన లాగ్‌లు నేను ఎన్ని చూసిన్నో, ఒక సర్వర్ యూటీసీ, ఒకటి ఐఎస్‌టీ, రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకొని ఏది ముందు ఏది ఎనక అని వేళ్లు లెక్కబెట్టుకునుడు. సర్వర్లు లాగ్ పంపే పాత సిస్‌లాగ్ ఫార్మాట్ల అయితే సంవత్సరం గూడ ఉండదు. 2009 ల వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 ల సరిచేసిన్రు గానీ పాతది ఇంకా తిరుగుతనే ఉన్నది.

సొంతంగ ఫార్మాట్ రాసుకునేటోళ్లకు ఇంకొకటి. సంవత్సరానికి జావాల పెద్ద వై లు నాలుగు పెట్టినా, సీ ల శాతం గుర్తు పక్కన పెద్ద జీ పెట్టినా అది వారాల లెక్కన వచ్చే సంవత్సరం, క్యాలెండర్‌ది కాదు. 2024 డిసెంబర్ 30 సోమవారం, ఐఎస్‌ఓ (అంతర్జాతీయ స్టాండర్డ్) వారాల లెక్కల అది 2025 మొదటి వారంలకు వస్తది, అంటే ఆ రోజు లాగ్ మీద 2025 డిసెంబర్ 30 అని పడ్తది. సంవత్సరమంతా మంచిగనే ఉంటది కాబట్టి ఎవరూ పట్టుకోరు. మాది మందుల ఫ్యాక్టరీ, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పార్ట్ 11 రూల్స్‌ల ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చిన్రో చెప్పే రికార్డు) మీద కంప్యూటరే టైం ఎయ్యాలని ఉన్నది, తారీకు తప్పు పడ్డ రికార్డు పట్టుకొని ఆడిటర్ ముంగట నిలబడుడు ఎట్లుంటదో నాకు తెలుసు.

తమ్మీ, నిన్ను ఒకటి అడుగుత, నీ బోర్డుల బ్యాటరీ గడియారం ఉన్నదా? రాస్‌బెర్రీ పై 4 దాక అసొంటి చిన్న బోర్డులల్ల ఉండదు, 2023 ల వచ్చిన పై 5 ల పెట్టిన్రు గానీ బ్యాటరీ మనమే తగిలియ్యాలె. గడియారం లేని బోర్డు కరెంటు పోయి వచ్చినంక నెట్ దొరికి ఎన్‌టీపీ సరిచేసే దాక ఆఖరుకు దాచుకున్న టైం నుంచి మొదలుపెడ్తది. కరెంటు రెండు గంటలు పోయింది, వచ్చింది, నెట్ రాలేదు, లారీ కాంటా ఎక్కింది. ఆ చిట్టీ మీద ఏ టైం పడ్తది? నువ్వు నానోసెకన్ల గురించి ఆలోచిస్తున్నవు, నాకు ఆ రెండు గంటల గురించి ఫికర్ ఉన్నది.


పాలమూరు బ్యాకెండ్:

అక్క చెప్పింది నాకు తట్టలే. డీఎస్ 3231 అని చిన్న గడియారం మాడ్యూల్ దొరుకుతది, నాణెం తీరు బ్యాటరీ ఉంటది, నాలుగు తీగలు కలిపితే అయిపాయె. కానీ తమ్మీ, బరువు ఎన్ని సెకన్లు నిలవడ్డది అని లెక్కబెట్టే కాడ మాత్రం గోడ గడియారం టైం వాడకు, ఎప్పుడూ వెనక్కి పోని, దునకని మోనోటోనిక్ క్లాక్ వాడు, లేకుంటె ఎన్‌టీపీ వచ్చి టైం దుంకిచ్చినప్పుడు బరువు రెండు గంటల నుంచి నిలకడగ ఉన్నదనుకొని ఊగుతున్న లారీకి చిట్టీ ఇచ్చేస్తది.


వడ్లకాంటా, నల్లగొండ:

అక్కా, అన్నలూ, పది రోజులయింది, అప్‌డేట్ రాస్తున్న.

థ్రెడ్లు రెండు చేసిన. ఒకటి సీరియల్ చదివి టైం తీసుకొని క్యూల ఏస్తది. ఇంకొకటి రాస్తది, ఎఫ్‌సింక్ ప్రతి లైన్‌కు కాకుండ సెకనుకు ఒకపారి, చిట్టీ కొట్టినప్పుడు మాత్రం అప్పటికప్పుడే. కరెంటు పోతే ఎక్కువల ఎక్కువ ఒక సెకన్ రీడింగులు పోతయి, కార్డు మొరాయిస్తే ఇంకొంచెం పోవచ్చు, చిట్టీ లైన్ మాత్రం డిస్కుకు చేరినంకనే కాయితం బయటికొస్తది. మిల్లాయనకు ఇది కూసోబెట్టి చెప్పిన, సరే అన్నడు. టీజడ్ పెట్టిన, ఎస్‌ట్రేస్‌ల నిజంగనే లైన్ లైన్‌కు పడే స్టాట్ కాల్స్ మాయమైనయి. స్ట్రఎఫ్‌టైమ్‌ని ముట్టుకోలే. లాగ్ లైన్ల చివర ప్లస్ 05:30 చేర్చిన.

మొన్న మిర్యాలగూడ పోయి ఒక మిల్లుల ఏసి పొద్దుగాల నుంచి మాపటిదాక కాంటా రూంలనే కూసున్న. లారీ ఎక్కుతుంటె అంకె ఎక్కుకుంట పోతున్నది, యాడ ఆగలే. లాగ్ తీసి లెక్కబెడితే ప్రతి సెకనుకు పది, నడుమ నడుమ తొమ్మిదో పదకొండో. ఎఫ్‌సింక్ ఒకటి రెండున్నర సెకన్లు పట్టింది మధ్యాహ్నం, రాసే థ్రెడ్ ఆగింది, కాంటాకు తెల్వనే తెల్వలేదు, ఆ రెండున్నర సెకన్ల రీడింగులకు గూడ ఎవరి టైం వాటికి సరిగ్గ పడ్డది. ఆపరేటర్ రెండోసారి బటన్ ఒత్తలే.

బ్యాటరీ గడియారం సంగతి, అక్కా మీరన్నదే నిజం, మా బోర్డుల లేదు. పాత లాగ్‌లల్ల ఎతికిన, కరెంటు పోయొచ్చినంక టైం వెనక్కి పోయినవి మూడు దొరికినయి, అందుల ఒకటి 47 నిమిషాలు వెనక, ఆ 47 నిమిషాల లోపట ఆరు చిట్టీలున్నయి. ఆ ఆరు చిట్టీలు ఎవరివో మిల్లాయనతోని కలిసి రిజిస్టర్ల చూసి అసలు టైం పక్కన రాయించిన. డీఎస్ 3231 మాడ్యూళ్లు ఆరు ఆర్డర్ పెట్టినం. వచ్చినంక ఒక్కొక్క మిల్లుల తగిలిచ్చి, నెట్ తీగ పీకి, కరెంటు రెండు గంటలు తీసిపెట్టి మళ్ల ఏసి చూసి, చిట్టీ మీద ఏ టైం పడ్డదో ఇక్కడ రాస్త.